ఒక్క లాగుకి అందుకోవాలి

1996 వేసవిలో పెళ్ళయి, బొబ్బిలి దగ్గరి మా పల్లె నుంచి శ్రీకాకుళం కాపురానికి వచ్చేనాటికి నేను సముద్రాన్ని రెండే రెండుసార్లు చూశాను. రెండుసార్లూ భీమునిపట్నంలో, ఒడ్డున నిలబడి, పాదాలు తడిసేంత వరకే. మా అత్తవారిది చేపల వేటకు వాడే ఫైబరు పడవలనూ, వాటి వెనుక పలకకు తగిలించే ఔట్‌బోర్డు మోటార్లనూ అమ్మి, మరమ్మతు చేసే దుకాణం. ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్ళేంత దూరంలో వీధి వైపు రెండు గదులు, వాటి వెనుక పెంకుల షెడ్డు, షెడ్డును ఆనుకొని ఒక బావి, బావి పక్కన మనిషి ఛాతీ ఎత్తున సిమెంటు తొట్టి ఉండేవి. ఇరవై ఆరేళ్ళు నా జీవితం అక్కడే గడిచింది. దుకాణం మూసి కొన్నేళ్ళయింది. ఆ పని నాకు ఎలా పట్టుబడిందో, 2018లో తిత్లీ తుపాను తరువాత నీట మునిగిన ఇంజన్లను ఎలా బతికించుకున్నామో మరిచిపోకముందే వ్రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను బి.కాం. చదివాను కనుక మావయ్యగారు మొదట నాకు పద్దుల పుస్తకాలు అప్పగించారు. ఆయన వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మెకానిక్కుగా పనిచేసి, 1983లో సొంత ఊరికి తిరిగి వచ్చి ఈ కొట్టు పెట్టారు. మా వారు ఊళ్ళు తిరిగి అమ్మకాలూ వసూళ్ళూ చూసేవారు. మరిది షెడ్డులో ఇంజన్ల పని చూసేవాడు. అత్తయ్యగారు వచ్చినవారికి మజ్జిగ ఇవ్వడంతో పాటు గల్లాపెట్టె తాళం తన కొంగుకే కట్టుకొని ఉండేవారు. నాకు అప్పగించిన పుస్తకాలలో ఒకటి మాత్రం మామూలు పద్దుల పుస్తకంలా లేదు. అందులో ఒక్కో ఇంజనుకు ఒక్కో పేజీ. పైన ఇంజను నంబరు, ఎన్ని గుర్రాల శక్తి, ఇంజను నుంచి నీళ్ళలోకి దిగే కాడ పొడవెంత, ఏ ఊరు, ఎవరి పడవ అన్నవి ఉంటాయి. ఆ కింద అది షెడ్డుకు వచ్చిన ప్రతిసారీ ఏం విప్పారో, ఏం మార్చారో తేదీతో సహా ఉంటుంది. మావయ్యగారు దాన్ని జాతకాల పుస్తకం అనేవారు. "ముందు ఇది చదువమ్మా, ఇంజను తరువాత చూద్దువు గాని," అన్నారు. రెండు నెలలు అదే పనిగా చదివాను. మా నాన్నగారి పొలంలో కిర్లోస్కర్ ఆయిలింజను ఉండేది కనుక ఇంజను చప్పుడు నాకు కొత్త కాదు గాని, ఇంపెల్లరు, గేరు నూనె, ప్లగ్గు అన్న మాటలు పేజీ పేజీకీ ఎందుకు తిరిగి తిరిగి వస్తున్నాయో అప్పట్లో తెలియలేదు.

అది తెలియాలంటే మా తీరం తెలియాలి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవైన తీరం మరే జిల్లాకూ లేదు. పక్కనున్న విజయనగరం జిల్లాకు ఉన్నది 28 కిలోమీటర్లే. ఇంత తీరం ఉన్నా, నేను దుకాణంలో ఉన్న రోజుల్లో మా ఖాతాదారులలో ఎక్కువమందికి పడవ కట్టుకోవడానికి రేవంటూ లేదు. పడవను ఇసుక మీది నుంచి నెట్టుకుంటూ నీళ్ళలోకి దించాలి, కెరటాలు విరిగే చోటును దాటించాలి, తిరిగి వచ్చేటప్పుడు ఆ కెరటాల మీదుగానే ఒడ్డుకు ఎక్కించాలి. ఇంజనుతో పాటు కంపెనీ ఇచ్చే పుస్తకం మాత్రం జెట్టీకి కట్టిన పడవ కోసం వ్రాసినట్టు ఉంటుంది. మా దగ్గర ఒడ్డు దాటేటప్పుడు ఇంజనును పైకి ఎత్తిపెట్టి ఉంచుతారు. నలుగురూ తెడ్లు వేస్తూ పడవను కెరటానికి ఎదురుగా నిలుపుతారు. ఒక వరుస కెరటాలు పోయి, మరొక వరుస లేచేలోగా ఉండే కొద్దిపాటి వ్యవధిలో ఇంజనును నీళ్ళలోకి దించి తాడు లాగాలి. మొదటి లాగుకి అందుకుంటే పడవ దాటిపోతుంది. రెండు మూడు లాగులకు కూడా అందుకోకపోతే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను తరువాతి కెరటం బోర్లా వేస్తుంది.

అందుకే మా దుకాణానికి వచ్చినవారు ఇంజను ఎంత వేగంగా పోతుందని ఎక్కువగా అడిగేవారు కారు. "ఒక్క లాగుకి అందుకుంటాదా బావూ?" అని అడిగేవారు. మావయ్యగారు కూడా కొత్తదైనా, మరమ్మతు చేసినదైనా ఒక రాత్రంతా ఆరుబయట ఉంచి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకి అందుకున్న తరువాతే ఇంజనును గుమ్మం దాటనిచ్చేవారు. ఆ పరీక్ష తొట్టిలోనే జరిగేది. తొట్టి అంచున బిగించిన చెక్క పలకకు ఇంజనును తగిలించి, కిందిభాగం నీళ్ళలో మునిగేలా పెట్టి తాడు లాగేవారు. ఆ చప్పుడుకు నాకు రోజూ ఐదు గంటలకే మెలకువ వచ్చేది. కొన్ని నెలలకు, పక్క మీద నుంచి లేవకుండానే ఎన్నో లాగుకి అందుకుందో లెక్కపెట్టడం అలవాటైంది. ఒకరోజు కాఫీ అందిస్తూ, "నిన్న బారువ నుంచి వచ్చింది మూడో లాగుకి గాని అందుకోలేదు మావయ్యగారూ," అన్నాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి, "అయితే రా, ఎందుకో చూద్దాం," అని షెడ్డులోకి పిలిచారు. నా చేతికి మొదటిసారి ప్లగ్గు పానా ఇచ్చింది ఆ రోజే.

విప్పి చూస్తే ప్లగ్గు మొన నల్లగా, తడిగా ఉంది, కిరోసిన్ వాసన కొడుతోంది. మేము అప్పట్లో ఎక్కువగా అమ్మినవి పెట్రోలుతో మొదలై కిరోసిన్ మీద నడిచే ఇంజన్లు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కిరోసిన్‌తో అందుకోదు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి, ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. అలా చేయకపోతే కార్బురేటరులో కిరోసిన్ మిగిలిపోయి మర్నాడు ఉదయం ప్రాణం మీదికి వస్తుంది. వేట నుంచి అలసిపోయి వచ్చేవారికి ఇది గుర్తుండదు. మావయ్యగారు కళింగపట్నం, బండారువానిపేట వైపు వారికి దీపస్తంభాన్ని గుర్తుగా చెప్పారు. లైటుహౌసు కంటికి ఆనగానే పెట్రోలుకు మార్చండి అని. తక్కిన ఊళ్ళవారికి గుడి గోపురమో, తాడితోపో చెప్పేవారు. ఏ ఊరికి ఏ గుర్తు చెప్పారో కూడా జాతకాల పుస్తకంలో ఉంది.

పనిలో దిగిన తరువాత ఇంజనంటే నాకు భయం పోయింది. రెండో సంవత్సరానికి కార్బురేటరు విప్పి శుభ్రం చేయగలిగాను, గేరు నూనె మార్చగలిగాను. వెనుక పలక ఎత్తు కొలిచి, 15 అంగుళాల కాడ సరిపోతుందా, 20 అంగుళాలది కావాలా అని చెప్పగలిగాను. కాడ పొట్టిదైతే కెరటం మీద, నీళ్ళలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను గాలిలోకి లేచి ఇంజను ఒట్టినే అరుస్తుంది. పొడవు ఎక్కువైతే ఒడ్డున ఇసుకకు తగిలి ఫ్యాను పిన్ను విరుగుతుంది. కొత్త ఇంజను మొదటి గంటల్లో లీటరుకు నూనె ఎక్కువ పడాలి. పాతిక పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె చొప్పున మొదలుపెట్టి, కుదురుకున్నాక యాభైకి ఒకటికి దింపుతారు. ఈ కొలత చెప్పడానికి నేను పాత మందు సీసాలకు రంగుతో గీతలు గీసి, కొన్నవారికి ఒక్కొక్కటి ఇచ్చేదాన్ని. అక్షరం రాని వారికి కూడా గీత తెలుస్తుంది.

మా ఊళ్ళలో మగవారు వేటకు వెళితే చేపను అమ్మేదీ, డబ్బు చూసేదీ ఆడవారే. ఇంజను ఎంచుకోవడానికి మగవారు వచ్చినా, వాయిదా కట్టడానికి వచ్చేది వారి భార్యలో తల్లులో. కవ్వళ్ళ చేపలో కానాగంతలో బాగా పడ్డ వారం రొంటిన మడిచి పెట్టుకున్న నోట్లు తీసి నా ముందు పెట్టేవారు. వేట లేని వారం కూడా కొందరు వచ్చి కూర్చొని, "ఈ వారం నేదమ్మా, వచ్చే వారం సూద్దారి," అని చెప్పి వెళ్ళేవారు. ఆ చెప్పి వెళ్ళడం మాకు డబ్బు కట్టినంత ఊరట. వేసవిలో మోటారు పడవలకు వేట నిషేధం ఉండే రోజుల్లో వసూళ్ళు ఉండేవి కావు గాని, షెడ్డులో మాత్రం కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆ రోజుల్లోనే ఊళ్ళ ఇంజన్లన్నీ మా తొట్టి దగ్గరికి వచ్చేవి.

నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు గురించి ఇక్కడ చెప్పాలి. ఔట్‌బోర్డు ఇంజను చల్లబడేది సముద్రపు నీటితోనే. కిందిభాగంలో రబ్బరు రెక్కలున్న ఇంపెల్లరు తిరుగుతూ నీటిని పైకి తోడుతుంది. ఆ నీరు ఇంజను ఒంట్లో తిరిగి, పక్కనున్న రంధ్రం నుంచి సన్నటి ధారగా బయటికి పడుతుంది. ధార పడుతున్నంతసేపు ఇంజను క్షేమం. 2004లో, సరుకు కొనే బాధ్యత నాకు వచ్చిన కొత్తలో, అసలు ధరలో సగానికి ఇంపెల్లర్లు ఇస్తానని ఒక టోకు వ్యాపారి వచ్చాడు. పెట్టె అలాగే ఉంది, ముద్ర అలాగే ఉంది. రెండు డజన్లు తీసుకున్నాను. రబ్బరును గోటితో నొక్కి చూడాలని అప్పటికి నాకు తెలియదు.

నెలన్నర తరువాత ఒక పడవ రాత్రి వేటలో ఉండగా ఇంపెల్లరు రెక్కలు విరిగి, నీటి ధార ఆగి, చీకట్లో అది ఎవరూ గమనించక, పిస్టను పట్టేసింది. నలుగురు మనుషులు ఆ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరారు. మూడో రోజు వారిలో ఒకరి తల్లి దుకాణానికి వచ్చింది. కేకలు వేయలేదు. విరిగిన రబ్బరు రెక్కను బల్ల మీద పెట్టి, "మీ కొట్లో కొన్నదే కదమ్మా. రాతిరంతా ఒడ్డునే కూకున్నాం," అంది. ఆ రెక్క ఇంగువ ముక్కలా గట్టిగా, విరిగిన చోట పొడిపొడిగా ఉంది. మావయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకొని చూసి, ఎవరినీ ఏమీ అనకుండా, "ఎన్ని అమ్మాం?" అని మాత్రం అడిగారు. ఇరవై రెండు. పుస్తకం తెరిస్తే ఏ ఊరిలో ఏ ఇంజనులో ఉన్నాయో అన్నీ దొరికాయి. మిగిలిన రెండింటినీ ఆయన కత్తెరతో ముక్కలు చేశారు. మర్నాటి నుంచి ఆరు రోజులు మా వారూ నేనూ స్కూటరు మీద గనగళ్ళవానిపేట నుంచి మొగదలపాడు, భావనపాడు మీదుగా బారువ దాకా తిరిగి, ఇంటింటికీ వెళ్ళి అసలైన ఇంపెల్లర్లు వేసి వచ్చాము. ఒక పడవ ఒడిశా వైపు వెళ్ళిపోయింది. అది తిరిగి వచ్చిందాకా నాకు నిద్ర పట్టలేదు. పట్టేసిన ఇంజనుకు కొత్త పిస్టను, సిలిండరు మా ఖర్చుతో వేసి ఇచ్చాము. ఆ సంవత్సరం మాకు లాభమన్నది లేదు. ఆ తల్లి మాత్రం తరువాత కూడా వాయిదాలు మా దగ్గరే కట్టింది, రెండో ఇంజను కూడా మా దగ్గరే కొన్నది.

ఇక తిత్లీ సంగతి. అది 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. దసరా ఇంకా వారం ఉంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు పడిపోయాయి. వంశధారకు వరద వచ్చింది. ఫోన్లు పనిచేయలేదు. 12వ తేదీ సాయంత్రం వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక యువకుడు పడిన చెట్ల మధ్య మోటారు సైకిలు తోసుకుంటూ, మధ్యమధ్యలో ఎక్కుకుంటూ మా దుకాణానికి వచ్చాడు. పడవలు కొన్ని కొట్టుకుపోయాయి, కొన్ని ఇసుకలో కూరుకుపోయాయి, ఇళ్ళకు మోసుకువెళ్ళి దాచిన ఇంజన్లు కూడా గోడలు కూలి ఉప్పునీటిలో మునిగాయి అన్నాడు. తన ఇంజనును ఇసుకలోంచి తీసి, వెంటనే తాడు లాగి చూశానని, కర్రకర్రమని ఆగిపోయిందని చెప్పాడు. మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ఇసుక ఉన్న సిలిండరులో పిస్టను ఒక్కసారి కదిలినా గీతలు పడిపోతాయి. "నువ్వు వెనక్కి వెళ్ళి ముందు ఈ మాట చెప్పు. ఎవరూ తాడు ముట్టుకోవద్దు. ఎవరూ ఎండలో ఆరబెట్టవద్దు," అన్నారు.

మర్నాడు ఉదయం మరిది, షెడ్డులో పనిచేసే కుర్రవాడు, నేను ఒక చిన్న వ్యానులో బయలుదేరాము. మావయ్యగారికి అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. మా వారు పెట్రోలు, నూనె, ప్లగ్గులు సమకూర్చడానికి విశాఖపట్నం వెళ్ళారు. నన్ను పంపింది పుస్తకం కోసం. ఇసుకలో దొరికిన ఇంజను ఎవరిదో తేలక తగవులు పడతారని, నంబరు చూసి చెప్పగలిగినదాన్ని నేనేనని మావయ్యగారు అన్నారు. నరసన్నపేట, టెక్కలి దాటి కాశీబుగ్గ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి ఆ యువకుడి ఊరికి దారి లేదు. మనుషులు గొడ్డళ్ళతో కొబ్బరి మానులు కోస్తూ ఉంటే, కోసిన మేరకు మేము ముందుకు జరుగుతూ చీకటి పడే వేళకు చేరాము.

ఊరి నడుమ ఒకచోట ఇంజన్లను పోగు పెట్టి ఉంచారు. మూతలు లేనివి, ఫ్యాన్లు విరిగినవి, నాచూ వల ముక్కలూ చుట్టుకున్నవి. గాలి తగిలిన చోట అప్పటికే అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇనుప మరల మీద ఎర్రటి మచ్చ మొదలయ్యాయి. ఆ రాత్రికి వాటిని విప్పి కడిగే వీలు లేదు. దీపం లేదు, తాగడానికే నీరు కొలిచి వాడుతున్నారు. అలాంటప్పుడు చేయవలసినది ఒక్కటే. మళ్ళీ నీటిలో ముంచాలి, ఉప్పులేని నీటిలో. ఊరికి పడమట తోటల మధ్య ఒక చెరువు ఉంది. సముద్రం అందులోకి కూడా వచ్చిందేమోనని మరిది దోసిట్లో నీళ్ళు తీసుకొని నోట్లో పోసుకొని ఉమ్మి, "చప్పగానే ఉన్నాయి వదినా," అన్నాడు. ఊరి పెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. "ములిగి సచ్చిందాన్ని మళ్ళీ ముంచుతారేటమ్మా?" అన్నారు. ఇనుము తుప్పు పట్టాలంటే తడితో పాటు గాలి కూడా కావాలని, ఉప్పు అంటుకున్న ఇనుము గాలికి ఉంటే తెల్లారేసరికి బిగుసుకుపోతుందని, నీటి అడుగున ఉన్నంతసేపు ఉప్పు కరుగుతూ గాలి తగలకుండా ఉంటుందని నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఊరగాయ మీద నూనె తేలినట్టన్నమాట," అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆయనే ముందు వంగి ఒక ఇంజనుకు తాడు కట్టారు.

టార్చి వెలుగులో ఒక్కొక్క ఇంజను నంబరు పలకను చీర చెంగుతో తుడిచి చదివి, పుస్తకంలో పేరు చూసి, వలలకు కట్టే బెండ్ల మీద ఆ నంబరు రంగుతో వ్రాసి, ఇంజనుకు కట్టిన తాడు చివర బిగించాము. ఇంజన్లు అడుగుకు వెళ్ళాయి, బెండ్లు పైన తేలాయి. చుట్టుపక్కల రెండు ఊళ్ళవి కూడా కలిపి ముప్ఫై నాలుగు. ఏ బెండు ఎవరిదో అందరికీ తెలుసు. కొందరు ఆ రాత్రి చెరువు గట్టు మీదే పడుకున్నారు.

తరువాతి పన్నెండు రోజులు పది పదిగా వాటిని శ్రీకాకుళం తెచ్చాము. వ్యానులో కూడా నీళ్ళు నింపిన డ్రమ్ములలో నిలబెట్టే తెచ్చాము. మా తొట్టిలో ఒకేసారి ఆరు పట్టేవి. బయటికి తీసిన ఇంజను మళ్ళీ నీటిలోకి వెళ్ళకూడదు, తీసిన మూడు గంటలలోపు లోపలంతా కడిగి నూనె పట్టాలి. అందుకని ఒకదాని పని పూర్తయిన తరువాతే రెండోదాన్ని తీసేవాళ్ళం. ముందు బావి నీటితో ఒళ్ళంతా కడగాలి. ప్లగ్గులు విప్పి, ప్లగ్గు రంధ్రాలు నేల వైపు ఉండేలా వంచి, తాడు లాగితే తిరిగే చక్రాన్ని, ఫ్లైవీలును, చేత్తో మెల్లగా తిప్పాలి. మొదటి ఇంజనుకు ఆ పని నేనే చేశాను. పావు చుట్టు తిరిగేసరికి రంధ్రం నుంచి బూడిదరంగు నీళ్ళు బొళుక్కున పడ్డాయి, వాటితో పాటు గోరంత ఎండ్రకాయ పిల్ల ఒకటి కాలు విరిగి బయటపడింది. పొగ బయటికి పోయే దారిన లోపలికి వెళ్ళి ఉంటుంది. వేళ్ళకు కరకర తగిలితే ఆపేసి, సిలిండరు తల విప్పి, ఇసుకను నూనెలో ముంచిన గుడ్డతో తీసేవాళ్ళం. కరకర లేకపోతే పెట్రోలు, నూనె కలిపి పోసి మళ్ళీ మళ్ళీ తిప్పి కడిగేవాళ్ళం. కార్బురేటరు విప్పి జెట్లు ఊదేవాళ్ళం. ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే పెట్టెనూ, కాయిలునూ మంచినీటితో కడిగి ఎండలో చాప మీద ఆరబెట్టేవాళ్ళం. అత్తయ్యగారు వాటి మీద వడియాలకు కప్పినట్టు పల్చటి గుడ్డ కప్పేవారు. కింది గేరు పెట్టె మర విప్పితే, బాగున్న దానిలోంచి తేనెరంగు నూనె వస్తుంది, నీరు చేరిన దానిలోంచి పాలు కలిపిన టీలా వస్తుంది. ఆ వారం అన్నిటిలోంచీ టీయే వచ్చింది.

దసరా నాడు పానాలు కడిగి పూజలో పెట్టడానికి కూడా తీరిక లేదు. అత్తయ్యగారు పని జరుగుతుండగానే వచ్చి తొట్టి అంచుకూ, మరిది చేతిలోని పానాకూ, నా చేతిలోని దానికీ బొట్టు పెట్టి వెళ్ళారు.

విడిభాగాల దగ్గర పెద్ద ఇబ్బంది వచ్చింది. ప్లగ్గులు విశాఖపట్నంలో దొరికాయి గాని, గ్యాస్కెట్లు, సీళ్ళు, నిప్పురవ్వ పెట్టెలు కంపెనీ నుంచే రావాలి. మా వారు వారి ప్రాంతీయ కార్యాలయానికి రోజూ ఫోను చేశారు. మామూలు క్రమంలో నెల రోజులకు పంపుతామన్నారు. ఇలాంటి చిన్న చిన్న వస్తువుల కోసం ముప్ఫై కుటుంబాలు నెల రోజులు ఒడ్డున కూర్చోవాలి. ఆ రాత్రి మావయ్యగారు ముందు గదిలోకి వెళ్ళి, అమ్మకానికి పెట్టిన మూడు కొత్త ఇంజన్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీసి, "వీటిని విప్పండి," అన్నారు. డీలరుషిప్పు ఒప్పందం ప్రకారం అది చేయకూడని పని. ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. మూడింటినీ విప్పాము. వాటి భాగాలు పదకొండు ఇంజన్లకు సరిపోయాయి. ఇప్పుడు తలచుకున్నా, ఆ దుకాణంలో మేము చేసిన పనులన్నిటిలో సరైన పని అదేనని నా నమ్మకం.

ప్రతి ఇంజనునూ మామూలుగానే రాత్రంతా ఆరుబయట ఉంచి, తెల్లవారుజామున తొట్టి మీద తగిలించి పరీక్షించాము. మావయ్యగారు స్టూలు వేసుకొని కూర్చునేవారు. ఎవరి ఇంజను వారే లాగాలని ఆయన పట్టు. బాగుచేసిన మొదటి ఇంజను యజమాని తాడు పట్టుకొని నిలబడ్డాడు గాని చాలాసేపు లాగలేదు. మరిది, "లాగు బావా," అన్నాడు. లాగాడు. ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, అందుకుంది. పక్క నుంచి నీటి ధార మొదట మట్టిరంగులో, తరువాత తేటగా పడింది. అతను ధార కింద చేయి పెట్టి అలాగే నిలబడిపోయాడు. ముప్ఫై నాలుగింటిలో ఇరవై ఏడు నడిచాయి. మిగిలిన ఏడింటి లోపలి భాగాలు ఇతర ఇంజన్లకు పనికివచ్చాయి. కూలి తీసుకోలేదు, సామాను ఖరీదు మాత్రం సంక్రాంతి తరువాత ఇవ్వమని పుస్తకంలో వ్రాశాను. మొదట తాడు లాగి వచ్చిన ఆ యువకుడి ఇంజను ఆ ఏడింటిలో ఒకటి. అతను డిసెంబరులో కూలికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళిపోయాడు. మా జిల్లా నుంచి అక్కడికి వెళ్ళేవారు ఎప్పుడూ ఉన్నారు. ఆ నవంబరులోనే అలా వెళ్ళిన మనవాళ్ళు కొందరు పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గాని తిరిగి రాలేకపోయారు. ఆ వార్త వచ్చిన రోజుల్లో అతని తల్లి మా దుకాణానికి వచ్చి, ఇంకొక ఇంజను వాయిదాల మీద ఇస్తే కొడుకును వెనక్కి పిలిపిస్తానంది. ఇచ్చాము. అతను వచ్చాడు.

కొత్త ఇంజన్లు విప్పిన సంగతి ఆ తరువాతి తనిఖీలో తేలింది. 2020లో కంపెనీ డీలరుషిప్పు రద్దు చేస్తూ రెండు పేరాల ఉత్తరం పంపింది. మావయ్యగారు దాన్ని చదివి, మడిచి, జాతకాల పుస్తకంలో తిత్లీ పేజీల మధ్య పెట్టారు. మరుసటి సంవత్సరం ఆయన పోయారు. మరిది విశాఖపట్నంలో పనిలో చేరాడు. మా పిల్లలు వేరే చదువులు చదివారు. 2022లో దుకాణం మూసేనాటికి బాకీలన్నీ దాదాపు వసూలయ్యాయి. మూసేస్తున్నామని తెలిసి, ఎవరూ అడగకుండానే ఆడవారు ఊళ్ళ నుంచి వచ్చి కట్టి వెళ్ళారు.

షెడ్డులో పనిచేసిన కుర్రవాడు ఇప్పుడు కళింగపట్నం దారిలో సొంతంగా రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. పానాలు, పుల్లర్లు, జాతకాల పుస్తకాలు పదకొండూ అతనికే ఇచ్చాను. సిమెంటు తొట్టి మాత్రం కదలదు కనుక, అతను దాని కొలతలు తీసుకొని అలాంటిదే కట్టించుకున్నాడు. మొన్న వేట నిషేధం మొదలైన వారంలో ఉదయం ఐదున్నరకే ఫోను చేశాడు. "వదినమ్మా, మనం తిత్లీకి తీసిన ఇంజనొకటి వచ్చింది. పుస్తకంలో మీ దస్తూరీ ఉంది. మూడు లాగులు లాగితే గాని అందుకోవటం నేదు," అన్నాడు. గేరు పెట్టె మర విప్పావా అని అడిగాను. విప్పానన్నాడు.

"నూనె ఏ రంగులో ఉంది?" అన్నాను.

"తేనెరంగే."

"అయితే కింద బాగానే ఉంది. ప్లగ్గు తీసి వాసన చూడు," అన్నాను.